మంద బయట

నా భార్య నాగరాణిని చంపింది మా అన్న పరశురాములు. చేత్తో చంపలేదు. ఏడు నెలలు మంద బయట కూర్చోబెట్టి చంపాడు. దీంట్లో వాదన ఏమీ లేదు.

మేం గొల్లవాళ్ళం. నిడమనూరు దగ్గర మా ఊరు. అన్నవీ నావీ కలిపి మూడు వందల గొర్లు. ముట్టయిన ఆడమనిషి గొర్ల దొడ్డి దరిదాపులకు రాకూడదని మాలో కట్టడి. వస్తే మంద మైలపడుతుందని, ఈనిన పిల్లలు దక్కవని నమ్మకం. ఆ నాలుగు రోజులు ఆడవాళ్ళు బయట ఉంటారు. ఐదో రోజు తలకు పోసుకుని లోపలికి వస్తారు. నాగరాణికి ఆ ఐదో రోజు రాలేదు. నెత్తురు ఆగలేదు. నెల దాటింది, రెండు నెలలు దాటింది. మందకు పెద్ద మా అన్న. "ఇంకా బయటనే ఉన్నదా? ఉండనియ్" అన్నాడు. దొడ్డి వెనక రేకుల పాకలో గొంగడి పరిచి ఇచ్చారు. కంచం వేరు, చెంబు వేరు. రోగమని ఎవరూ అనలేదు. మైల అన్నారు. మైలకు దవాఖాన ఎందుకు?

నేను అప్పుడు మందతో కోదాడ వైపు ఉన్నాను. వచ్చేసరికి నాలుగు నెలలు గడిచాయి. అన్న మాట మీద ఇంకో మూడు నెలలు ఊరుకున్నాను. ఆ మూడు నెలల తప్పు కూడా మా అన్నదే.

కట్టడి తప్పి ఆమె దగ్గరకు పోయింది జమున ఒక్కతే. జమున మా అన్న కూతురు. అప్పటికి పన్నెండేళ్ళ పిల్ల. బడి నుంచి వచ్చి, వాళ్ళమ్మ చూడకుండా పాకలో దూరి, చిన్నమ్మ పక్కన గొంగడి మీద పడుకునేది. నా కూతురు సంతోషి తడిక దగ్గరే నిలబడిపోయేది. "వాసనొస్తది కదనే" అంటే జమున, "నీకొస్తదేమో. నాకు రాదు" అనేది. సంతోషి కంటే జమున నాలుగు నెలలే పెద్ద.

సూర్యాపేట తీసుకుపోతే పట్నం రాశారు. పట్నంలో డాక్టరమ్మ నన్నొక్కణ్ణే గదిలోకి పిలిచింది. గర్భసంచి మూతికి కాన్సర్ అంది. ముదిరిపోయిందంది. కంటికి కనపడని వైరస్ వల్ల ఏళ్ళ తరబడి లోపల్లోపల పెరుగుతుందంది. "ఆడపిల్ల ఉందా? ఇది రాకుండా ఇప్పుడు సూది ఉంది. ఆ పిల్లకు వేయించు, మర్చిపోకు" అంది. నేను తలూపి బయటికి వచ్చాను.

ఆ మధ్యాహ్నం నాగరాణి కిటికీ వైపు తిరిగి పడుకుని ఉంది. బయట ఏమీ లేదు. నీళ్ళ ట్యాంకు, దాని మీద పావురాలు.

"పేరున్న రోగమేనా?" అంది.

"పేరున్నదే."

"ఏడ?"

చెప్పాను. చాలాసేపు పావురాలనే చూసింది.

"మనోళ్ళకు చెప్పకు. ఇన్ని దినాలు మైలదన్నరు. ఇది ఇంటే ఇంకో మాటంటరు. నేను పోయినంక గూడ నా ముచ్చట వాళ్ళ నోట్ల పడొద్దు."

"చెప్పను."

ఊళ్ళో కడుపులో గడ్డ అని చెప్పాను. అందరూ నమ్మారు. అదే పేరుతో మట్టి చేశాం.

రెండేళ్ళు గడిచాయి. మంద మాత్రం కలిసే ఉంది. విడదీస్తే రెండు ముక్కలూ బతకవు. అందుకే అన్న ముందు నడుస్తాడు, నేను వెనక నడుస్తాను. అవసరమైనంతే మాట్లాడతాను.

ఇక చెప్పేది ఈ ఎండాకాలం సంగతి.

మార్చిలో బడి దగ్గర మీటింగు పెట్టారు. పద్నాలుగు నిండి పదిహేను నిండని ఆడపిల్లలకు సర్కారు సూది. ఒక్కటే సూది, ఊరికే వేస్తారు. మా ఊళ్ళో ఆ ఈడు పిల్లలు పది మంది. నర్సమ్మ కాగితం చూసి పేర్లు చదివింది. అందులో సంతోషి ఉంది, జమున ఉంది. గర్భసంచి అనే మాట ఆమె నోట రాగానే మగవాళ్ళు చెప్పులు చూసుకున్నారు. ఆడవాళ్ళు కొంగులు సర్దుకున్నారు.

మా అన్న లేచాడు.

"సూది మంచిదంటున్నరు. పోయినేడు మా మందకు గూడ మంచిదనే ఏసిండ్రు. చూడి గొర్లు పదమూడు ఈసుకపోయినయ్. పదమూడు! కడుపుల పిల్లలకు బొచ్చు గూడ రాలే. ఇయ్యాల మా ఆడపిల్లలంటున్నరు. రేపు పెండ్లయినంక కడుపులు నిలవకుంటే మీరొచ్చి నిలబెడ్తరా?"

"మనుషులకూ గొర్లకూ ఒకటే మందు కాదన్నా" అంది నర్సమ్మ.

"సూది ఒకటే గద! గుచ్చేది గుచ్చేదే."

ఎవరో వెనక నుంచి, "పరశురాములన్నకు ఒక బ్యాగు ఇయ్యుండ్రి, గొర్ల డాక్టరు!" అన్నారు. అందరూ నవ్వారు. నవ్వుతూనే లేచారు. నవ్వుతూనే ఇళ్ళకు పోయారు. పది మందిలో ఒక్కరికీ సూది పడలేదు.

ఆ పదమూడు గొర్లు ఎందుకు ఈచుకుపోయాయో నాకు తెలుసు. మిట్టమధ్యాహ్నం ఆరు కోసులు తోలుకొచ్చి, నీళ్ళు తాగనియ్యకముందే, బండి మీద వచ్చినవాడెవడి చేతనో పొడిపించాం. వాడు డాక్టరూ కాదు, ఆ సీసా మీద ఏముందో ఎవరూ చదవలేదు. ఎండలో తోలింది మా అన్న. సూదివాణ్ణి పిలిచింది మా అన్న. నేను ఆ రోజు బడిలో వెనక గోడకు ఆనుకుని ఉన్నాను. నోరు తెరవలేదు.

ఏప్రిల్లో యాసంగి కోతలు కాగానే మంద తోలుకుని బయలుదేరాం. ప్రతి ఏడూ చేసే పనే. కోసిన పొలంలో రాత్రికి మంద పెడితే ఆ ఎరువుకు రైతు మాకు వడ్లు కొలుస్తాడు. ఒక పొలం తర్వాత ఒక పొలం, ఒక ఊరి తర్వాత ఒక ఊరు. మిర్యాలగూడ దాటి, సాగర్ కాలువ వెంట, చివరికి మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డుకు.

మంద వెనక నడిచేవాడికి ముందేముందో కనపడదు. దుమ్ము కనపడుతుంది. ఆ దుమ్ములో మూడు వందల వీపులు నీళ్ళలా కదులుతాయి. కాసేపటికి కాళ్ళు నావి కావనిపిస్తుంది. కళ్ళు తెరిచే నిద్రపోతాను. అలా నడుస్తున్నప్పుడే నాగరాణి కనపడడం మొదలైంది. ఎడమ వైపు, ఇరవై బారల దూరంలో నడిచేది. తల మీద చెంబు. మంద ఆగితే ఆగేది, కదిలితే కదిలేది. ఎప్పుడూ దగ్గరకు రాలేదు. గొర్ల నీడ కూడా తన మీద పడకుండా పక్కకు జరిగేది. నేను పిలవలేదు. పిలిస్తే మా అన్న వెనక్కి తిరిగి చూస్తాడు.

మిర్యాలగూడ దాటిన తర్వాత ఒక ఊళ్ళో నాలుగు రోజులు ఆగాం. ఊరి మధ్య నుంచి పిల్లకాలువ పోతుంది. పొలం గలామె గట్టు మీద కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తూ మాట కలిపింది.

"మీ ఊళ్ళె ఆడపిల్లలకు సూదులేసిండ్రా?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఇవతల ఏసిండ్రు. ఆరుగురుంటె ఆరుగురికి. అవతల ఒక్కదానికి ఏయలే."

"కాలువకు అవతలా? గట్లెందుకు?"

"పిల్లలను సూదికి పిలిచే ఆశమ్మ ఇల్లు ఇవతల. మూడేండ్ల కింద అవతలోళ్ళ బర్రె కాలువ దాటొచ్చి ఆశమ్మ మడి మేసింది. అప్పటిసంది మాటల్లేవు."

"బర్రె మేస్తే పిల్లలకు సూది బందా?"

"బందే!" అని పకపకా నవ్వింది. "బర్రె సచ్చిపోయింది గూడ. మాటలు మాత్రం రాలే."

ఇంకా ముందుకు పోతే ఒక తండా. అక్కడ మంగ్త్యా అనే ముసలాయన చింతచెట్టు కింద మాకు చల్ల పోశాడు. ఆయన మనవరాళ్ళు ఇద్దరు హాస్టల్లో చదువుతున్నారు. సెలవులకు వచ్చి ఉన్నారు. వాళ్ళకు పడిందా అని అడిగాను.

"హాస్టల్ల అడిగితే మీ తండాల ఏపిచ్చుకోండ్రి అన్నరు. తండాల అడిగితే హాస్టల్ల ఏస్తరు, మా కాయితంల లేదన్నరు. మా పిల్లలు ఏ కాయితంల ఉన్నరో దేవునికెరుక."

"మరి?"

"మరేముంది. చల్ల తాగు."

తర్వాత నేను అడగని ఊరు లేదు. చిల్లర కొట్టు దగ్గర అడిగాను, బోరింగు దగ్గర అడిగాను. ఒక ఊళ్ళో అందరికీ. పక్క ఊళ్ళో ఎవరికీ లేదు, ఫోన్లో ఏదో వీడియో వచ్చిందట. ఇంకో ఊళ్ళో పెద్దకులం వాడలో ఉంది, మాల మాదిగ వాడల్లో లేదు. ఇంకో దగ్గర సరిగ్గా తిరగబడి ఉంది. కాలువ నీళ్ళు ఎక్కిన భూమి పచ్చగా, ఎక్కని భూమి ఎర్రగా ఎలా కనపడుతుందో, ఊళ్ళు నాకు అలా కనపడసాగాయి. ఇది పడ్డ ఊరు. ఇది పడని ఊరు. రెంటి మధ్య ఒక గట్టు. గొర్రె ఒక్క దూకులో దాటుతుంది.

మే నెల మొదట్లో కృష్ణ ఒడ్డు చేరాం. మఠంపల్లి దగ్గర గాలిలోనే సున్నం ఉంటుంది. సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము తుమ్మచెట్ల మీద తెల్లగా పేరుకుని ఉంటుంది. ఎండకు అది మెరిసి, ఊరంతా మంచు పడ్డట్టు ఉంటుంది. మా నల్లగొర్లు వారంలో బూడిద రంగుకు వచ్చాయి. నాగరాణి చెంబు కూడా తెల్లబడింది.

మేం మంద పెట్టిన పొలం సాంసన్ అనే అతనిది. రాతి క్వారీలో పని చేస్తాడు. రెండెకరాలు ఉంది. పెళ్ళాం లేదు. దీవెన అని ఒక కూతురు. ఒక పొద్దున స్కూటీ మీద నర్సమ్మ వచ్చింది. పేరు ఎస్తేరు. దీవెనకు సూది వేసి వారమైందట, చెయ్యి ఎలా ఉందో చూడడానికి వచ్చింది.

"మీ ఊళ్ళె ఎంతమందికి ఏసిండ్రమ్మా?" అన్నాను.

"పధ్నాలుగు మందండి. పధ్నాలుగు మందికీ వేశాం. ఒక్కరు కూడా మిగల్లేదు." గర్వంగా చెప్పింది. "మొదట్లో ఎవరూ రాలేదు. మూడు మీటింగులు పెట్టా, కుర్చీలకు చెప్పుకున్నట్టు చెప్పుకున్నా. అప్పుడు ఈయన చెప్పాడు."

"ఏం జెప్పిండు?"

"అడగండి, ఆయన్నే."

సాయంత్రం సాంసన్ గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. పొద్దు నది మీద వాలి ఉంది. నీళ్ళు ఎర్రగా కాదు, గులాబీ రంగులో ఉన్నాయి. దుమ్ము వల్ల. నేను అడిగాను.

"ఏముందన్నా చెప్పడానికి. ఆదివారం ప్రార్థన అయిపోయాక అందరూ చర్చి ముందు నిలబడున్నారు. మా ఆవిడ పోయింది ఆ రోగంతోనే అన్నాను. ఎక్కడ వచ్చిందో కూడా చెప్పాను. అంతే."

"ఆడోళ్ళ ముందట?"

"ఆడోళ్ళకే కదా రావడం."

"సిగ్గనిపియ్యలే?"

"అనిపించింది. రెండు వారాలు ఎవరి మొహం చూళ్ళేదు. క్వారీలో మాటలన్నారు కూడా. మీ ఆవిడ ఎట్లాంటిదిరా అని ఒకడు అడిగాడు. వాడి పన్నొకటి రాలింది." నవ్వాడు. "మర్నాడు వాడి కూతుర్ని వాడే తీసుకొచ్చి సూది వేయించాడు."

"నీ పెండ్లాం చెప్పొద్దనలేదా?"

సాంసన్ నా వైపు తిరిగి చూశాడు. తెలివైనవాడు. అప్పటికి అర్థమైపోయి ఉంటుంది.

"తను పోయింది కదన్నా. పిల్లలేమో అక్కడే నిలబడున్నారు" అన్నాడు.

నాకు అతని మీద కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

రెండు రోజుల తర్వాత ఇంటికి ఫోన్ చేసి సంతోషిని పంపమన్నాను. వదినె ఇద్దరినీ బస్సెక్కించింది. వాళ్ళు విడిగా ఎక్కడికీ పోరు. దిగీ దిగగానే జమున మంద మధ్యకు ఉరికి, పుట్టి పది రోజులైన గొర్రెపిల్లను చంకన వేసుకుంది.

"సిన్నాయినా, గొర్లన్నీ ముసలివైనయేంది, గిట్ల తెల్లగైనయ్?"

"సున్నం."

"నువ్వు గూడ ముసలోనివైనవ్."

"సున్నమే" అన్నాను. సంతోషి నవ్వింది. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది.

మర్నాడు పొద్దున్నే సంతోషిని తీసుకుని ఎస్తేరు ఉండే సబ్‌సెంటర్‌కు బయలుదేరాను. జమున వెంట వచ్చింది. రావద్దంటే కూడా వచ్చింది. సబ్‌సెంటర్ చిన్న గది. గోడ మీద బొమ్మల పోస్టరు. గర్భసంచి బొమ్మ, దాని మూతి దగ్గర ఎర్రటి మచ్చ. ఎస్తేరు కాగితం మీద రాసుకుంటూ అడిగింది.

"అమ్మ?"

"లేదు."

"ఎలా పోయిందండి?"

నేను పోస్టరు వైపు చూశాను. ఆమె కూడా పోస్టరు వైపు చూసింది. సంతోషి మా ఇద్దరినీ చూసింది. ఎస్తేరు తల వంచి రాసుకోవడం మొదలుపెట్టింది. ఎండ కిటికీలోంచి వచ్చి నేల మీద పడి ఉంది. దాంట్లో సున్నపు రేణువులు లేస్తూ, పడుతూ ఉన్నాయి. ఫ్యాన్ లేదు. కాలం కూడా లేనట్టుంది. "అయిపోయిందమ్మా" అని ఎస్తేరు అనే దాకా సూది గుచ్చిన సంగతే నాకు తెలియలేదు.

సంతోషిని అరగంట బెంచీ మీద కూర్చోమంది. జమున ముందుకు వచ్చి, అడగకుండానే రవిక ఎడమ చెయ్యి పైకి మడిచింది.

"నాక్కూడ ఎయ్యి, సిస్టర్."

"ఈ పాప ఎవరు?"

"మా అన్న బిడ్డ" అన్నాను.

"పుట్టినరోజు ఎప్పుడమ్మా?"

"జూన్ పది. పదిహేను నిండుతయ్."

ఎస్తేరు గోడ మీద క్యాలెండర్ చూసింది. ఇంకా ఇరవై ఆరు రోజులున్నాయి.

"వాళ్ళ నాన్న ఒప్పుకుని సంతకం పెట్టాలండి. ఆయన ఎక్కడున్నాడు?"

"మంద కాడ."

"ఇక్కడే ఉన్నాడా! అయితే తీసుకురండి. పదిహేను దాటితే ఇక మా దగ్గర వెయ్యం. బయట వేయించుకోవాలి. మీవాళ్ళు పట్నం పోయి వేయిస్తారా? వేయించరు కదా." గొంతు తగ్గించింది. "మీరొక్క మాట చెప్తే చాలండి. ఆయనకు చెప్పండి. మీ ఊళ్ళో ఇంకా ఎంతమంది?"

"సంతోషి పోను తొమ్మిది మంది."

"తొమ్మిది మందికీ పడుతుంది. సాంసన్ చెప్పినట్టు చెప్తే."

జమున రవిక మడిచిన చేతిని అలాగే పట్టుకుని నిలబడి ఉంది. బయటికి వచ్చాక దారిలో నా పక్కన నడుస్తూ అంది.

"నాయినకు నువ్వు చెప్పు సిన్నాయినా. నేను చెప్తే గొర్ల కథ మొదలువెడ్తడు. నువ్వు ఏడో తరగతి సదివినవ్. నువ్వు చెప్తే ఇంటడు."

"సూద్దాం."

"సూద్దామంటే చెప్పనని."

"సూద్దామన్న కద."

సంతోషి సూది పడ్డ చోట దూది నొక్కి పట్టుకుని నడిచింది.

మూడో రోజు సాయంత్రం. గాలి లేదు. నది మీద నుంచి వెలుగు వెనక్కి తగ్గుతూ ఉంది. మంద చుట్టూ వల కడుతున్నాను. తలెత్తితే, ఎడమ వైపు ఇరవై బారల దూరంలో నాగరాణి గొంగడి మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని గొర్లను చూస్తోంది. ఇన్ని రోజులూ నడుస్తూ కనపడేది. కూర్చోవడం అదే మొదలు. వల వదిలేసి అటు నడిచాను. ఈసారి పక్కకు జరగలేదు. దగ్గరకు పోయాక ఆమె తలెత్తింది.

జమున.

"రాకు సిన్నాయినా. నేను బయట ఉన్న" అంది.

పక్కన చెంబు, కంచం విడిగా పెట్టి ఉన్నాయి. మా అన్న పెట్టినవే. నేను అక్కడే నిలబడిపోయాను. "నీళ్ళున్నయా?" అన్నాను. "ఉన్నయ్" అంది. వెనక్కి వచ్చి వల కట్టడం ముగించాను.

మా అన్న మూడు రాళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని జొన్న గటక కలుపుతున్నాడు. నేను కూర్చున్నాను. అప్పుడు ఆయనే మొదలుపెట్టాడు.

"సత్తిగా. సంతోషికి సూది ఏపిచ్చినవంట."

"ఏపిచ్చిన."

"నీ బిడ్డ. నీ ఇష్టం. నేనేమంట?" గరిటె తిప్పాడు. "జమున రెండు దినాలసంది నా పానం తీస్తున్నది. నాక్కూడ నాక్కూడ అని. గా నర్సమ్మ చీటీ గూడ ఇచ్చి పంపింది, సంతకం పెట్టుమని."

జేబులోంచి తీసి చూపించాడు. నాలుగు మడతలు పెట్టి ఉంది.

"నేను సదువుకోలే. నాకు గొర్లు దెల్సు. పదమూడు కడుపులు పోంగ నా కండ్లతోటి సూసిన. నాకు భయమైతది తమ్మీ. ఒక్కటే బిడ్డ." గరిటె ఆపాడు. "నువ్వు పట్నం దవాఖానల నెల దినాలున్నవ్. డాక్టర్లతోటి మాట్లాడినవ్. ఒక్క ముచ్చట చెప్పు. సూటిగ చెప్పు. నాగరాణి దేనితోటి పోయింది? ఈ సూది ఏదైతె రోగానికంటున్నరో, గదేనా? నువ్వు అవునంటె రేపు పొద్దుగాల్నే నేనే తోల్కపోయి ఏపిస్త. ఊరికి పోయినంక అందరికి నేనే చెప్త. బడిల చెడగొట్టింది నేనే, నేనే బాగుచేస్త."

మా అన్న ఇంత మాట్లాడడం నా ఎరుకలో లేదు. పొయ్యి మంట ఆయన మొహం మీద పడి వణుకుతోంది. ఆ మొహంలో నాకు దొరకనిది ఒకటే. నాగరాణి పేరు ఎత్తినప్పుడు ఉండాల్సినది. ఏడు నెలలు బయట ఉంచాను అనే మాట. అది అంటాడేమోనని చూశాను. అంటే చెప్పేవాణ్ణే. గరిటె చేతిలో పట్టుకుని నా జవాబు కోసం చూస్తున్నాడు, అంతే.

వలకు అవతల జమున కూర్చున్న చోటు ఇంకా కనపడుతోంది. ఇటే చూస్తోంది.

ఆ మాట నా నాలుక మీదే ఉంది. చిన్న మాట. నీళ్ళలో రాయిలా చల్లగా ఉంది.

"కడుపుల గడ్డ" అన్నాను.

"గంతేనా?"

"గంతే."

అన్న ఊపిరి వదిలాడు. బరువు దిగినవాడిలా. చీటీని మళ్ళీ నాలుగు మడతలు పెట్టాడు. దాన్ని పొయ్యిలో వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. జేబులోనే పెట్టుకున్నాడు.

"తిందాం పట్టు" అన్నాడు. తిన్నాం.

తర్వాత నాగరాణి కనపడలేదు. ఊరికి తిరిగి వచ్చే దారి పొడుగునా ఎడమ వైపు చూస్తూ నడిచాను. దుమ్ము ఉంది, తుమ్మచెట్లు ఉన్నాయి. తండా దగ్గర మంగ్త్యా మళ్ళీ చల్ల పోశాడు. ఆయన మనవరాళ్ళకు సూదులు పడ్డాయా అని అడగలేదు. ఏ ఊళ్ళోనూ ఇక అడగలేదు.

జూన్ పది నాడు మేం ఊళ్ళోనే ఉన్నాం. తొలకరి పడింది. వదినె సేమ్యా పాయసం చేసింది. జమున నాకు గిన్నె తెచ్చి ఇచ్చింది. తాగాను. తీపి ఎక్కువైంది.

వారం తర్వాత గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతున్నాను. దొడ్డిలో ఒక్కొక్క గొర్రెను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, దవడ పట్టి మందు పోయాలి. పోసిన గొర్రెకు గుర్తుగా నుదుటి మీద ఎర్రజాజు పెట్టాలి. సంతోషి జాజు గిన్నె పట్టుకుని పక్కన ఉండాల్సింది. రాలేదు. మా అన్న వచ్చాడు. దొడ్డి వాకిట్లో నిలబడ్డాడు.

"సత్తిగా. పిల్లలిద్దరు రాత్రంత ఏడ్సిండ్రు. సంతోషి చెప్పిందట జమునకు. దవాఖాన గోడ మీద బొమ్మ సూసి నువ్వు ఎట్లున్నవో చెప్పిందట." గొంతు సరిచేసుకున్నాడు. "నాగరాణికి గదేనా?"

నేను గొర్రెకు మందు పోశాను. మింగే దాకా గొంతు నిమిరాను.

"నేను అడిగిన గదరా. నీ ఎదురుంగ కూసోని అడిగిన."

జాజులో వేలు ముంచి గొర్రె నుదుటి మీద పెట్టాను. వదిలాను. ఇంకోదాన్ని పట్టుకున్నాను.

"జమునకు మొన్న పదిహేను నిండినయ్."

"ఎరుకే" అన్నాను.

అన్న దొడ్డి గుంజను పట్టుకుని మెల్లగా కిందికి దిగి, పెంటలోనే కూర్చుండిపోయాడు. మా అన్న ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నాగరాణిని మట్టి చేసిన రోజు కూడా చూడలేదు. ఇంకా నూట నలభై గొర్లు మిగిలి ఉన్నాయి. అన్నిటికీ తాపాను.

ఆ తర్వాత, అన్నకు ఆ రోజు ఎందుకు చెప్పలేదని వదినె అడిగింది. ఊళ్ళో పెద్దమనుషులు ఇద్దరు అడిగారు. ఎస్తేరు రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. సంతోషి నాతో మాట్లాడడం మానేసి, ఇప్పుడు మళ్ళీ కొంచెం కొంచెం మాట్లాడుతోంది. జమున మాత్రం ఇప్పటిదాకా అడగలేదు. ఎదురుపడితే "సిన్నాయినా" అంటుంది, ఎప్పటిలాగే.

ఏదో ఒక రోజు అడుగుతుంది. జవాబు ఉండదు. ఇక్కడ రాసిందే మొదలు, ఇదే ఆఖరు. ఇక నా నోట ఈ ముచ్చట రాదు.